పోతురాజు వేసిన అరవై ఒక్క నో బాల్స్

మా డివిజనులో ఏ కాలవకి ఏ రోజు నీళ్ళొస్తాయో ముందుగా చెప్పగలిగిన మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. అడగడానికొచ్చిన రైతుకి "పైనుంచి వదలాలండి" అని చెప్పి పంపడం మా ఆనవాయితీ. అలాంటి కార్యాలయానికి, క్రికెట్ మ్యాచిలో ఎవరు ఎన్ని పరుగులు తీస్తారో మూడు వారాల ముందే దశాంశాలతో సహా తెలిసిపోయింది. అదెలా తెలిసిందో, తెలిశాక ఏమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను ఆ ఆఫీసులో అటెండరుగా చేశాను. పేరు ముసలయ్య. వయసును బట్టి వచ్చిన పేరు కాదు, బారసాల నాడే పెట్టేశారు. ఎనిమిదో తరగతి లెక్కల పరీక్ష రోజున బడి మానేసినవాణ్ణి. అందుచేత ఇరవై రెండేళ్ళపాటు మా ఆఫీసు క్రికెట్ స్కోరు పుస్తకం రాసే పని నాకే అప్పజెప్పారు. చదువుకున్నవాళ్ళందరూ ఆడాలి కదా.

మాకు ప్రతి ఆదివారం, కాలవ మొదట్లో నీళ్ళు వదిలే హెడ్‌లాకు పక్క గ్రౌండులో ఆట. ఒకవైపు ఆఫీసర్లు, ఒకవైపు స్టాఫు. ఏడాదికోసారి నాలుగు డివిజన్లకీ కలిపి డెల్టా కప్పు. ఆదివారం ఆటలో మేం ఓడిపోతాం, డెల్టా కప్పులో అందరం ఓడిపోతాం. పదేళ్ళుగా ఇందులో మార్పు లేదు.

ఈ ఏడాది మా డివిజనుకి పెద్ద ఇంజనీరైన ఈ.ఈ. కుక్కుటేశ్వరరావు గారు హైదరాబాదులో మూడు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చారు. శిక్షణ కాలవల మీదే. కాని పక్క కుర్చీలో కూర్చున్న వేరే జిల్లా ఈ.ఈ. గారు మూడు రోజులూ సెల్లులో ఊహా క్రికెట్ ఆడుతున్నారట. అంటే నిజంగా ఆడే ఆటగాళ్ళలోంచి మనకి నచ్చిన పదకొండు మందిని ఏరుకుని కాగితం మీద ఒక జట్టు కట్టుకోవడం. వాళ్ళు గ్రౌండులో పరుగులు తీస్తే మనకి పాయింట్లొస్తాయి. కెప్టెన్ అని మనం పేరు పెట్టినవాడికి రెట్టింపు. మనకి చెమట పట్టదు. ఎవరిని ఏరుకోవాలో తేల్చడానికి సగటులూ, విచలనాలూ, సంభావ్యతలూ కట్టే పెద్ద శాస్త్రం ఒకటుందట. కాలవల గురించి ఆయన ఏం నేర్చుకున్నారో తెలీదు గాని, సోమవారం పొద్దున్నే హెడ్ క్లర్కు కామేశం గారి చేత సర్క్యులరు రాయించారు. దాన్ని గది గదికీ తిప్పింది నేనే.

"ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికీ తెలియజేయడమేమనగా, డెల్టా కప్పు నందు ఈ డివిజను వరుసగా ఓటమి చెందుచున్నందున, సదరు ఓటములను శాస్త్రీయ పద్ధతిన నివారించు నిమిత్తం, ప్రతి సెక్షనూ ఒక ఊహా జట్టును గణాంక విశ్లేషణ ద్వారా రూపొందించి మూడు ప్రతులలో సమర్పించవలెను. ఉత్తమ ఊహా జట్టే వాస్తవ జట్టుగా పరిగణింపబడును. వాస్తవ ఆటకు తదుపరి తేదీ తెలుపబడును."

గణాంకాలు కావాలంటే పాత లెక్కలుండాలి కదా. మా బీరువా తాళం తీసి, ఇరవై రెండేళ్ళ ఆదివారాల స్కోరు పుస్తకాలు దుమ్ము దులిపి ఏ.ఈ. హర్షిణమ్మ బల్ల మీద పెట్టాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. లెక్కలంటే ప్రాణం. పుస్తకాలు చూసి ఆవిడ మొహం వెలిగిపోయింది.

"ఎంత నీట్‌గా రాశారు ముసలయ్య గారూ! ఒక్క కొట్టివేత లేదు!"

నన్ను 'గారూ' అన్నది ఆ ఆఫీసులో ఆవిడొక్కతే. ఆ మొహమాటంలో చెప్పవలసిన మాట నా నోట్లోనే ఉండిపోయింది.

రెండు వారాలు కాలవల పని ఆగింది. మామూలుగా ఏ కారణం లేకుండా ఆగేది, ఈసారి కారణం ఉంది. టెక్నికల్ సెక్షనులో గోడ నిండా గ్రాఫులు. డ్రాయింగు సెక్షనువాళ్ళు గ్రౌండులో ఏ మూల ఎంత గడ్డి ఉందో మ్యాపు గీశారు. తూము కింద చేను ఎండిపోతోందని ఒక పెద్దాయన అర్జీ పట్టుకొస్తే కామేశం గారు కళ్ళజోడు మీదనుంచి చూసి, "కూర్చోండి. మీరైతే కెప్టెన్‌గా ఎవరిని పెడతారు?" అని అడిగారు.

"నీళ్ళొదిలేవోణ్ణి పెట్టండి బాబూ," అన్నాడాయన.

"అలాంటి ఆటగాడు జాబితాలో లేడండీ," అన్నారు కామేశం గారు సీరియస్‌గా.

విశ్లేషణ ఫలితాలు మీటింగు హాల్లో తెర మీద వేశారు. నేను టీ కప్పులు పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. మొదటి వరసలో కుక్కుటేశ్వరరావు గారి పేరు. బ్యాటింగు సగటు నూట నలభై మూడు పాయింట్ ఆరు. హాలంతా చప్పట్లు. ఆయన సిగ్గుపడ్డారు. "నాకూ ఇంత ఉంటుందని అనుకోలేదు సుమా," అన్నారు. అబద్ధం కాదు. ఆ సగటు ఆయన నిజంగానే నమ్మారు. ఏ.ఈ.గా ఇక్కడే చేరి, డీ.ఈ.గా ఇక్కడే ఉండి, ఈ.ఈ.గా తిరిగొచ్చిన మనిషి. అన్ని ఆదివారాల్లో ఇరవై పరుగుల లోపు అవుటైనట్టు ఆయనకి గుర్తు లేదు. పుస్తకంలోనూ లేదు.

ఆఖరి వరసలో పోతురాజు పేరు. పదకొండేళ్ళలో వికెట్లు మూడు, నో బాల్స్ అరవై ఒకటి.

"ఇతను బంతి వేస్తే నో బాల్ అయ్యే సంభావ్యత మన జట్టు సగటుకి పద్నాలుగు రెట్లు సార్," అంది హర్షిణమ్మ బాధగా.

"వేగం ఉంటే చాలదమ్మా. క్రమశిక్షణ ఉండాలి," అన్నారు ఈ.ఈ. గారు.

పోతురాజు మొగ లాకు లస్కరు, అంటే లాకు తలుపుల కాపరి. కాలవ సముద్రంలో కలిసే చోట ఆ లాకు ఉంది. పోటొచ్చినప్పుడు తలుపులు దించాలి, పాటొచ్చినప్పుడు ఎత్తాలి. చుట్టూ ఉప్పు గాలి, ఉప్పు నేల. తాగడానికి బిందెడు నీళ్ళు కావాలంటే మూడు మైళ్ళు పోవాలి. బడి అయిదో తరగతితో సరి, అతనికేమో ఇద్దరు ఆడపిల్లలు ఏడుకీ ఆరుకీ వచ్చారు. మా హెడ్‌లాకులో లస్కరు పోస్టు వేసవిలో ఖాళీ అయింది. మంచినీళ్ళ కుళాయి ఉంది, క్వార్టరుంది, రోడ్డు దాటితే హైస్కూలు. "కప్పు తెప్పించరా పోతురాజూ, ఆ పోస్టు నీదే. సాయంత్రానికే ఆర్డరు," అని ఈ.ఈ. గారు పదిమందిలో మాటిచ్చారు. పదకొండేళ్ళుగా వస్తున్నవాడే, ఆ మాట పట్టుకుని ఇప్పుడు ఒక్క ఆదివారం కూడా తప్పకుండా నలభై కిలోమీటర్లు బస్సులో వచ్చి బంతి వేస్తున్నాడు.

విశ్లేషణ ప్రకారం వేసిన తాత్కాలిక జాబితా నేను నోటీసు బోర్డుకి అంటిస్తుంటే వచ్చాడు. పన్నెండో పేరు, 'మంచినీరు' అని పక్కన రాసి ఉంది. చాలాసేపు చూశాడు.

"ముసలయ్య బావా, ఇదేటిది? నేను ఆడట్లేదా?"

"లెక్కల్లో నువ్వు కిందున్నావంటరా."

"ఏ లెక్కల్లో?"

"ఆదివారం పుస్తకాలు."

"ఆదివారం ఆట ఆటేటి బావా! ఈ.ఈ. గారి కర్ర ఎగిరిపోద్ది, అంపైరు చెయ్యి చాపుతాడు, 'నో బాల్ అండీ, ఆడండీ' అంటాడు. అయ్యగారి సరదా కదాని నవ్వుకుని మళ్ళీ ఏత్తాను. అయ్యన్నీ పుస్తకంలో కెక్కుతున్నాయా?"

నేను జిగురు సీసా మూత బిగించాను.

"ఎక్కించిందెవరు బావా?"

బిగించిన మూతే మళ్ళీ బిగించాను.

"పోన్లే. మొగలో గుక్కెడు నీళ్ళకి అల్లాడతన్నానని ఈళ్ళకి తెలిసినట్టుంది. మంచినీళ్ళ డ్యూటీ ఏశారు," అని నవ్వి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

మా ఆదివారం ఆచారం ఇదీ. ఆఫీసరు గారు ఇరవై కొట్టేదాకా అవుటవ్వరు, కొట్టాక చాలాసార్లు నాటవుట్‌గానే బ్యాటు దించేస్తారు. స్టంపులు పడ్డా సరే, క్యాచి పట్టినా సరే, అంపైరు నో బాల్ అంటాడు, నేను నో బాల్ అని రాస్తాను. అన్నానికొచ్చిన చోట ఆచారం తప్పకూడదు. కాని రాసిన ప్రతిసారీ చెయ్యి ఒప్పుకునేది కాదు. అందుకని అబద్ధం రాసిన గడిలో, అడుగున ఓ మూల, పెన్సిలుతో చిన్న చుక్క పెట్టేవాణ్ణి. ఎవరి కోసమని అడిగితే చెప్పలేను. దేవుడొచ్చి ఆడిట్ చేస్తే చూపిద్దామని కాబోలు.

మర్నాడు హర్షిణమ్మకి ఆ చుక్కలు చూపించాను.  ఆవిడ ఒక్కొక్క పేజీ వెలుతురుకి ఎత్తి చూసి లెక్కపెట్టింది. పోతురాజు అరవై ఒక్క నో బాల్స్‌లో యాభై ఏడింటి కింద చుక్కలున్నాయి. అందులో ముప్పై ఒకటి ఈ.ఈ. గారు అవుటైనవే. ఆ చుక్కల్ని అవుట్లుగా వేసి మళ్ళీ లెక్క కడితే పోతురాజు పై వరసకొచ్చాడు. ఈ.ఈ. గారి సగటు ఏడు.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదండీ?"

"మీరు నీట్‌గా రాశానన్నారు కదమ్మా."

ఆవిడ ఫైలు తయారుచేసి కామేశం గారికిచ్చింది. ఆయన చదివి, కుర్చీ వెనక్కి జరిపి, గొంతు సవరించుకున్నారు.

"చూడమ్మా, పర్మనెంటు రికార్డులో దిద్దుబాటు చెయ్యాలంటే సంబంధిత వ్యక్తి ధ్రువీకరణ కావాలి. అనగా, అవుటైన ప్రతి ఆఫీసరూ 'నేను సదరు తేదీన అవుటైతిని' అని సంతకం చెయ్యాలి. ఇందులో నలుగురు రిటైరయ్యారు. ఒకాయన కాలం చేశారు. ఆయన ఇప్పుడు అవుటవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు."

"డెల్టా కప్పు మ్యాచిల పుస్తకాలు సర్కిల్ ఆఫీసులో ఉంటాయి కదండీ. వాటిల్లో అసలు లెక్క ఉంటుంది," అన్నాను నేను.

"ఎనిమిది తప్పినవాడివి, నీకెందుకయ్యా స్టాటిస్టిక్సు?" అన్నారు. అయినా ఉత్తరం రాశారు. 'విషయం పరిశీలనలో ఉన్నది' అని జవాబొచ్చింది. చుక్కల ఫైలు ఈ.ఈ. గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన దాని మీద 'మాట్లాడండి' అని రాసి కిందికి పంపారు. అందరూ చదివి ఇనీషియల్ చేశారు. ఎవరూ మాట్లాడలేదు.

ఈలోగా ఊహా జట్ల పోటీ ముదిరింది. ఏడు సెక్షన్లూ ఈ.ఈ. గారినే కెప్టెన్‌గా పెట్టాయి. టెక్నికల్‌వాళ్ళు కెప్టెనూ వైస్ కెప్టెనూ రెండూ ఆయన్నే చేశారు. డ్రాయింగు సెక్షను అందరినీ మించిపోయింది. అత్యధిక పాయింట్లు రావాలంటే అత్యధిక సగటున్నవాణ్ణి ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు ఏరుకోవాలి కదా. పదకొండు గడుల్లో పదకొండుసార్లు కుక్కుటేశ్వరరావు గారి పేరే రాసిచ్చింది. ఆ జట్టుకే మొదటి స్థానం. ఆయన వినయంగా, "నేనొక్కణ్ణే అన్ని వైపులా పరుగెత్తలేను కదయ్యా, మిగతా పదిమందినీ సెక్షన్లవారీగా సర్దండి," అన్నారు. సర్దారు. ప్రతివాడికీ ఒక అంచనా పత్రం ఇచ్చారు. ఎన్ని పరుగులు తియ్యాలో, ఎన్ని వికెట్లు పడాలో, పైన డివిజను ముద్ర.

డెల్టా కప్పు సెమీఫైనల్లో ఈ.ఈ. గారు రెండు పరుగులకి అవుటయ్యారు. ఎదుటి డివిజను స్కోరరుకి మా ఆచారం తెలీదు. వర్క్ ఇన్‌స్పెక్టరు సత్తెయ్య మాత్రం కళ్ళు మూసుకుని బాది నలభై రెండు కొట్టాడు, గెలిచాం. మర్నాడు సత్తెయ్యకి మెమో వెళ్ళింది. "మీకు పదకొండు పాయింట్ నాలుగు పరుగులు మాత్రమే మంజూరు కాగా, ముందస్తు అనుమతి లేకుండా అదనముగా ముప్పై పాయింట్ ఆరు పరుగులు చేసినందుకు, మీపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

సత్తెయ్యకి రాయడం రాదు, నేనే రాసిపెట్టాను. "అయ్యా, బ్యాటుకి బంతి దానంతటదే తగిలినది. ఇకముందు తగలనివ్వను."

అది ఆమోదించారు. ఈ.ఈ. గారి నూట నలభై ఒకటి పాయింట్ ఆరు పరుగుల లోటుని 'వాతావరణ ప్రభావం' పద్దు కింద సర్దేశారు.

ఫైనలు రోజు చీఫ్ ఇంజనీరు గారొచ్చారు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవబోతున్న పెద్దాయన. ముఖ్య అతిథి ఒక బంతి ఆడి మ్యాచి ప్రారంభించడం ఆనవాయితీ. షామియానా కింద సన్మానం, శాలువా, పూలబొకే అయ్యాక బ్యాటు చేతికిచ్చారు. బంతి వెయ్యడానికి కామేశం గారిని సిద్ధం చేశారు. ఆయన బౌలింగు చాలా భద్రమైంది. బంతి సగం దూరం వచ్చి ఆగిపోతుంది.

చీఫ్ గారు బ్యాటు నేలకి తాటించి, చుట్టూ చూసి, నీళ్ళ క్యాను పట్టుకుని నిలబడ్డ పోతురాజుని చూపించారు.

"ఆ పొడుగాయన్ని వెయ్యమనండి."

"సార్, అతను మంచినీటి విభాగం," అన్నారు కామేశం గారు.

"ఇది నీటిపారుదల శాఖే కదయ్యా. వెయ్యమను."

పోతురాజు క్యాను దించాడు. చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. నాకేసి చూడలేదు. మెల్లగా వేస్తాడనే అనుకున్నాను. పాతిక అడుగుల దూరం నుంచి పరుగెత్తుకొచ్చి, చెయ్యి తిప్పాడు. మధ్య స్టంపు లేచి వెళ్ళి కీపరు వెనకాల పడింది.

 అంపైరుగా నిలబడ్డ మా డీ.ఈ. గారి కుడిచెయ్యి దానంతటదే పక్కకి చాచుకుంది. నో బాల్. అందరూ నాకేసి తిరిగారు. నా చేతిలో పెన్ను, చెవి మీద పెన్సిలు.

ఇరవై రెండేళ్ళుగా అలవాటైన చెయ్యి. దానికి ఎటు పోవాలో తెలుసు. బలవంతాన ఆపి, గడిలో 'అవుట్' అని సిరాతో రాశాను. కింద చుక్క పెట్టలేదు.

చీఫ్ గారు బ్యాటు చంకన పెట్టుకుని నా బల్ల దగ్గరికి నడిచొచ్చారు. వెనకాల మా వాళ్ళంతా.

"ఏం రాశావు?"

"అవుటండి."

"అంపైరు నో బాల్ అన్నాడే?"

"ఆయనకి ఇంక్రిమెంటు రావాలండి."

ఆయన పుస్తకం చాలాసేపు చూశారు. తర్వాత మెల్లగా అన్నారు. "ఉద్యోగంలో చేరాక నన్నెవరూ అవుట్ చెయ్యలేదయ్యా. ముప్పై నాలుగేళ్ళు. నేను బాగా ఆడతానేమోననుకుంటున్నాను ఇన్నాళ్ళూ."

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి సర్క్యులరు లేదు.

"ఇతను జట్టులో ఎందుకు లేడు?" అని అడిగారు.

"డేటా సార్," అన్నారు ఈ.ఈ. గారు.

"ఆ డేటా రాసిందెవరు?"

"నేనేనండి," అన్నాను. అప్పుడు హర్షిణమ్మ ముందుకొచ్చి, ఒక్క మాట పొల్లు పోకుండా చుక్కల సంగతి చెప్పేసింది. ఈ.ఈ. గారి ముప్పై ఒకటీ చెప్పింది. కుక్కుటేశ్వరరావు గారి మొహం చూస్తే నాకే జాలేసింది. పక్కకొచ్చి నెమ్మదిగా, "ఆ శివరాత్రి తర్వాత ఆదివారం... ఎనభై కొట్టాను చూడూ, అదైనా నిజమేనా ముసలయ్యా?" అని అడిగారు.

"నాలుగు చుక్కలున్నాయండి దాని కింద."

ఆయన తలూపి మోకాలు పట్టుకున్నారు. "నాకు మోకాలు నొప్పిగా ఉంది. నా బదులు పోతురాజు ఆడతాడు," అన్నారు.

"ఆమోదించిన జాబితా సార్! మార్చాలంటే కాంపిటెంట్ అథారిటీ..." అన్నారు కామేశం గారు.

"అది నేనే," అన్నారు చీఫ్ గారు.

పోతురాజు అయిదు వికెట్లు తీశాడు. పదేళ్ళ తర్వాత కప్పు మా డివిజనుకొచ్చింది. సున్నా పాయింట్ మూడు వికెట్లకి గాను అయిదు తీసినందుకు అతనికీ మెమో తయారైంది గాని, చీఫ్ గారు కారెక్కేదాకా కామేశం గారు దాన్ని జేబులోంచి తియ్యలేదు. చీఫ్ గారి ఎదురుగానే ఈ.ఈ. గారు హెడ్‌లాకు ఆర్డరు మీద సంతకం పెట్టారు. మాటిచ్చిన ప్రకారం సాయంత్రానికే. ఆ మనిషిలో చెడ్డతనం లేదు, సగటే ఎక్కువ.

పోతురాజు వెళ్ళిపోతే మొగ లాకు ఖాళీ అవుతుంది. ఖాళీ ఉంచకూడదు. అదే వారం కామేశం గారు నన్ను పిలిచారు. "యాభై ఏడు తప్పుడు నమోదులు చేసినట్టు నీ చుక్కలే ఒప్పుకుంటున్నాయి కదా ముసలయ్యా. ఎవరు చెయ్యమన్నారో మాత్రం రికార్డులో లేదు," అని బదిలీ ఆర్డరు చేతిలో పెట్టారు. న్యాయమే. రాసింది నేనే.

ఇప్పుడు మొగ లాకు దగ్గర ఉంటున్నాను. ప్రతి ఆదివారం పోతురాజు బస్సు డ్రైవరుకిచ్చి రెండు టిన్నుల మంచినీళ్ళు పంపుతాడు. పెద్దపిల్లకి లెక్కల్లో నూటికి తొంభై రెండొచ్చాయని కబురు పెట్టాడు. ఆ అమ్మాయినైనా ఏ స్కోరు పుస్తకాల దగ్గరికీ పంపొద్దని చెప్పమన్నాను.

కప్పు రావడం విశ్లేషణ వల్లే అని డివిజను నివేదిక పంపింది. పై ఆఫీసు మెచ్చుకుని ఆ పద్ధతిని కాలవలన్నిటికీ విస్తరించింది. ఇప్పుడు మొగ లాకులో రోజూ నీటిమట్టం ఎంత ఉంటుందో నెల ముందే అంచనా పత్రం వస్తుంది. దానితోపాటు సర్క్యులరు. "అంచనా మట్టమును సిరాతో నమోదు చేయవలెను. వాస్తవ మట్టము భిన్నముగా ఉన్న యెడల, సదరు గడి అడుగున పెన్సిలుతో ఒక చుక్క ఉంచవలెను. ఈ విధానము ఈ డివిజను నందు ఇరవై రెండు సంవత్సరములుగా విజయవంతముగా అమలులో ఉన్నది."

నిన్న పోటు అంచనా కంటే అడుగున్నర ఎక్కువొచ్చింది. నీళ్ళు గట్టెక్కి నా బల్ల కాళ్ళదాకా వచ్చాయి. పెన్సిలు చెవి మీదే ఉంది. పెన్ను తీసి, ఉన్న మట్టం ఉన్నట్టు సిరాతో రాశాను.

సంజాయిషీ అడుగుతూ మెమో రేపో ఎల్లుండో వస్తుంది. ఈసారి ఎక్కడికి మారుస్తారో చూడాలి. మొగ లాకు తర్వాత మా శాఖకి పోస్టు లేదు. అవతల సముద్రమే.